కావడికి రెండో భుజం

‘ధృతరాష్ట్ర ప్రేమ’ అనే మాట వినని తెలుగువాళ్ళు ఉండరు. కొడుక్కి టికెట్టు ఇప్పించుకున్న నాయకుడి గురించి పేపర్లో రాసినా అదే మాట, అల్లరి పిల్లాణ్ణి వెనకేసుకొచ్చే తండ్రిని పక్కింటావిడ దెప్పినా అదే మాట. వాడేవాళ్ళకి ధృతరాష్ట్రుడి కళ్ళ గురించిన ఆలోచన ఉండకపోవచ్చు. కానీ ఆ మాట పనిచేసేది కళ్ళ మీదే. చూపు లేదు కాబట్టి కొడుకు తప్పు కనపడలేదు, ఒంట్లో ఉన్న లోపమే ప్రేమలోకీ దిగింది అని దాని భావం.

అదే భారతంలో ద్రోణుడున్నాడు. కొడుకు పాల కోసం ఏడిస్తే తట్టుకోలేక లోకం మీద పడ్డాడు. కొడుకు చచ్చాడన్న మాట చెవినపడగానే యుద్ధం మధ్యలో ఆయుధం కింద పెట్టేశాడు. దాన్ని పుత్రప్రేమ అంటాం, అంతే. ముందు ఏ విశేషణమూ తగిలించం. ఇద్దరు తండ్రుల్లో ఒకడి ప్రేమ సామెత అయింది, ఇంకొకడి ప్రేమ మామూలు ప్రేమగా మిగిలింది. తేడా అల్లా ఒక జత కళ్ళు.

ఈ లెక్క నాకెందుకంటే, నాకు రెండేళ్ళప్పుడు పోలియో వచ్చింది. ఎడం కాలికి కాలిపర్. పదేళ్ళ ఆడపిల్లకి తల్లిని. మేముండేది నగరంలో. ‘ఏ నగరం?’ అని అడుగుతారని తెలుసు, అందరూ అడుగుతారు. హైదరాబాదు కాదు, విశాఖపట్నం కాదు. ఊరి పేరే నగరం, రేపల్లె పక్కన, బాపట్ల జిల్లా. చదివేదాన్ని కాబట్టి, తల్లిని కూడా కాబట్టి, చాలాకాలంగా ఒక ప్రశ్న పట్టుకుని తిరుగుతున్నాను. మన పురాణాలు, సినిమాలు, కథలు శరీరం సహకరించని తల్లినో తండ్రినో చూపించినప్పుడు, వాళ్ళ చుట్టూ ఎవర్ని నిలబెట్టాయి? లోపం ఎలా వర్ణించారన్నది కాదు నా ప్రశ్న, దాని మీద కొంత చర్చ ఉంది. ఆ తల్లి పక్కన ఎవరున్నారన్నదే.

ధృతరాష్ట్రుడితోనే మొదలుపెడదాం. ఆయన చుట్టూ మనుషులకి లోటు లేదు. బుద్ధి చెప్పడానికి విదురుడున్నాడు. యుద్ధం చూసి చెప్పడానికి సంజయుడున్నాడు. వ్యాసుడు వచ్చి చూపు ఇస్తానంటే, బంధువులు చావడం నేను చూడలేనన్నాడు ధృతరాష్ట్రుడు. అప్పుడు సంజయుడికి దివ్యదృష్టి ఇచ్చారు. మన సాహిత్యంలో చూపులేనివాడికి చూసి చెప్పే మనిషిని నియమించిన సందర్భం ఇది. ఎంత ఆధునికమైన ఆలోచన! కానీ ఆ సౌకర్యం ఎప్పుడొచ్చిందో చూడండి. పిల్లలు చచ్చిపోయేటప్పుడు వచ్చింది. దుర్యోధనుడు మొదటి అడుగు వేసిన రోజున, పడి మోకాలు చెక్కుకున్న రోజున, అబద్ధం చెప్పి మొహం తిప్పుకున్న రోజున, పక్కన నిలబడి ‘రాజా, మీవాడి మొహం ఇలా ఉంది’ అని చెప్పినవాడు ఎవడో మనకు తెలీదు. పెంపకానికి సంజయుడు లేడు, శవాల లెక్కకి ఉన్నాడు.

ఇక గాంధారి. ఆ ఇంట్లో పిల్లల్ని చూసే కళ్ళు ఒక జత ఉండేవి, ఆవిడ వాటికీ గంత కట్టుకుంది. మనం దాన్ని పాతివ్రత్యం అన్నాం. భర్తతో సమానంగా ఉండాలన్న కోరిక గొప్పదే కావచ్చు. కానీ సమానంగా ఉండటం వేరు, తోడుగా ఉండటం వేరు. నాకు కాలు లేదని మా ఆయన కూడా మంచాన పడుకుంటే మా ఇంట్లో బియ్యం ఎవరు తెస్తారు? వికలాంగుల ఇళ్ళల్లో ఎవరూ ఎవరినుంచీ గాంధారి వ్రతం కోరుకోరు. కళ్ళున్న మనిషి కళ్ళు తెరిచి ఉంటే చాలు.

రెండో కథ శ్రవణ కుమారుడిది. వాల్మీకిలో ఆ కుర్రాడికి పేరు కూడా లేదు. ముసలి, గుడ్డి తల్లిదండ్రులకి నీళ్ళు తేవడానికి సరయూ ఒడ్డుకొచ్చి, కుండ మునిగే చప్పుడు విని దశరథుడు వేసిన శబ్దభేది బాణానికి చస్తాడు. పేరూ, కావడీ, యాత్రలూ తర్వాత కథలు చెప్పినవాళ్ళు కలుపుకున్నవి. బళ్ళో మా అమ్మాయికి కూడా ఈ కథ చెప్పారు. మన పాఠ్యపుస్తకాలకీ, గోడమీది బొమ్మలకీ ఆ కావడి చాలా ఇష్టం. రెండు బుట్టల్లో ఇద్దరు, మధ్యలో ఒక్క కుర్రాడు.

ఆ బొమ్మని తల్లి వైపునుంచి చూస్తే వేరేగా ఉంటుంది. బుట్టలో కూర్చున్నవాళ్ళకి చేసే పనేమీ లేదు. ఆ పిల్లాణ్ణి వాళ్ళు పెంచారు. చూపు లేకుండానే పాలు పట్టారు, స్నానం చేయించారు, నడక నేర్పారు, తల్లిదండ్రుల్ని మొయ్యాలన్న మనసు కూడా వాళ్ళ దగ్గరే అబ్బి ఉంటుంది. కథలో అదేమీ లేదు. వికలాంగులైన అమ్మానాన్నలు మనకు కథగా కనపడేది పిల్లల భుజం మీదకి ఎక్కాకే.

అంతకన్నా పెద్ద విషయం ఇంకొకటి. ఆ అడవిలో ఆ కుటుంబానికి ఇంకెవరూ లేరు. ఒక్క కొడుకు పడిపోగానే మొత్తం కూలిపోయింది. దశరథుడే చెయ్యి పట్టుకుని వాళ్ళని శవం దగ్గరికి తీసుకెళ్ళాలి. చంపినవాడి చెయ్యి తప్ప వాళ్ళకి అందిన చెయ్యి లేదు. మనం తరతరాలుగా కొడుకు భక్తిని పొగుడుతున్నాం, శాపం ఎంత పదునైందో చెప్పుకుంటున్నాం. ఆ ఆశ్రమం పక్కన ఇంకో గుడిసె ఎందుకు లేదని మాత్రం అడగం. అక్కడ కళ్ళ లోపం కన్నా పెద్ద లోపం, కావడికి రెండో భుజం లేకపోవడం.

ఈ రెండు బొమ్మలూ మన సినిమాల్లోకీ వచ్చాయి. ‘మాతృదేవోభవ’ (1993) చూసి ఏడవనివాళ్ళు మా ఊళ్ళో లేరు. జబ్బు పడిన తల్లి, తను పోయేలోపు పిల్లల్ని ఒక్కొక్కర్నీ ఒక్కో ఇంటికి దత్తత ఇచ్చేస్తుంది. మాధవి నటన గురించి, ఆ పాటల గురించి కొత్తగా చెప్పేదేం లేదు. కానీ ఆ సినిమా మన మనసుల్లో ఒక తీర్పు వదిలి వెళ్ళింది. శరీరం మొరాయించిన తల్లి చెయ్యగలిగిన అతి గొప్ప పని, పిల్లల్ని వదులుకోవడం. పిల్లల్ని పంచుకోవడానికి ఇళ్ళు దొరికాయి కానీ, ఆ తల్లి ఇంటికే నలుగురు వచ్చి నిలబడే దారి కథకి తట్టలేదు. తట్టి ఉంటే అంత ఏడుపు ఉండేది కాదు, నిజమే.

‘స్వాతిముత్యం’ (1986) దీనికి కొంచెం ఎదురు వెళ్ళింది. శివయ్యది బుద్ధికి సంబంధించిన వైకల్యం, నా లాంటిది కాదు. అయినా ఆ కాలానికి అతన్ని తండ్రిని చెయ్యడం, ముసలితనంలో మనవల మధ్య కూర్చోబెట్టి చూపించడం విశ్వనాథ్ చేసిన సాహసం. ఆ సినిమా గురించి మాట్లాడేటప్పుడు అందరూ అమాయకత్వం గురించే మాట్లాడతారు. నాకు నచ్చేది వేరు. శివయ్య వెనక ముందు బామ్మ ఉంది, తర్వాత లలిత ఉంది. అతను నిలబడటానికి మనుషులు కావాలని సినిమా దాచిపెట్టలేదు. కాకపోతే ఆ మనుషులు ఎప్పుడూ ఒక్కరే. ఒక ఆడమనిషి తర్వాత ఇంకో ఆడమనిషి. ఊరు మాత్రం దూరంగా నిలబడి నవ్వుతుంది.

ఇక ‘ఊపిరి’ (2016). ఫ్రెంచి మాతృక ‘ఇంటచబుల్స్’లో మెడ కింద కదలిక లేని ఆ ధనవంతుడికి ఒక పెంపుడు కూతురు ఉంది. పెంకి పిల్ల. తండ్రి కుర్చీలోంచి లేవలేడు, ఆ పిల్ల గొంతు లేపుతుంది. అతను తండ్రిగా ఏం చెయ్యాలో తేల్చుకోవాలి. అది ఆ సినిమాలో చిన్న పాయే, కానీ ఉంది. తెలుగుకొచ్చేసరికి కూతురు మాయమైంది. నాగార్జున పాత్రకి పాత ప్రేమ ఉంది, కొత్త స్నేహం ఉంది, పారిస్ ఉంది. పిల్లలు లేరు. ఎవరో కూర్చుని కావాలని తీసేశారని నేననను, కథ మన దగ్గరికి తెచ్చేటప్పుడు అనవసరం అనిపించినవి రాలిపోతాయి. ఏది అనవసరం అనిపించిందో అదే నాకు ఆసక్తి. చక్రాల కుర్చీలో ప్రేమికుడు మనకి ఫర్వాలేదు. చక్రాల కుర్చీలో తండ్రి ఊహకి అందలేదు.

కథల సంగతి. నేను చదివిన తెలుగు కథల్లో కుంటివాళ్ళు, గుడ్డివాళ్ళు తక్కువేం కాదు. ఎక్కువమంది ఎదుటివాళ్ళ మంచితనానికి పరీక్ష పెట్టడానికి వస్తారు. ఆ పరీక్షల్లో పెద్దది ఆదర్శ వివాహం. కాలు లేని అమ్మాయిని కట్నం లేకుండా చేసుకున్న అబ్బాయి, చప్పట్లు, కథ అయిపోయింది. పెళ్ళయిన రెండేళ్ళకి పిల్ల పుడితే రాత్రి రెండింటికి లేచి ఆ పిల్లని ఎవరు ఎత్తుకుంటారన్నది ఆదర్శానికి సంబంధం లేని విషయం. మా కథ మొదలయ్యేదే అక్కడ.

మా అమ్మాయి పుట్టినప్పుడు ఇంట్లో పెద్దవాళ్ళంతా కూర్చుని మాట్లాడుకున్నారు. ‘నువ్వు ఎత్తుకోలేవు కదమ్మా, అయిదేళ్ళొచ్చేదాకా పిన్ని దగ్గర ఉంచుదాం’ అన్నారు. ఎవరికీ చెడ్డ ఉద్దేశం లేదు. అందుకే అది కష్టం. చెడ్డ ఉద్దేశంతో చెబితే కొట్లాడొచ్చు. మా దగ్గర పిల్లల్ని తల్లినుంచి తీసుకెళ్ళేది కోర్టు కాదు, ప్రేమ.

ఈ మధ్య ఇంగ్లీషులో ఇలాంటి తల్లిదండ్రులే రాసుకున్న పుస్తకాలు వస్తున్నాయి. ఆస్ట్రేలియాలో సంగీతకారిణి ఎలైజా హల్ కూర్చిన ‘వీవ్ గాట్ దిస్’ (2022) ఒకటి. వినికిడి లేనివాళ్ళు, వికలాంగులు, దీర్ఘరోగాలతో బతికేవాళ్ళు తమ పిల్లల పెంపకం గురించి తామే చెప్పిన సంకలనం. ఇంకొకటి అమెరికాలో జెస్సికా స్లైస్ రాసిన ‘అన్‌ఫిట్ పేరెంట్’ (2025). స్లైస్ వాదన సూటిగా ఉంటుంది. బిడ్డ పుట్టగానే ప్రతి తల్లికీ శరీరం మాట వినదు, రోజు చేతిలో ఉండదు, పక్కవాళ్ళ సాయం లేకుండా గడవదు. కొత్త తల్లులకి అది పిడుగుపాటు. వికలాంగులకి అది రోజూ ఉండేదే, వాళ్ళకి ఆ బతుకు ముందే అలవాటు. కాబట్టి ఈ విషయంలో నేర్పాల్సింది వీళ్ళు, నేర్చుకోవాల్సింది వాళ్ళు.

ఈ పుస్తకాల్ని మన యువ పాఠకులు చదవాలనే అంటాను. కానీ నగరంలో కూర్చుని చదివితే రెండు చోట్ల ఆగాల్సొస్తుంది. మొదటిది, అక్కడి భయాలు వేరు. వైకల్యం ఉన్న తల్లి అంటే ప్రభుత్వ శిశుసంక్షేమ అధికారి తలుపు తడతాడేమోనని స్లైస్ లాంటివాళ్ళు భయపడతారు. మా తలుపు తట్టేది పిన్నమ్మలు. రెండోది ఇంకా ముఖ్యం. ఆ పుస్తకాలు ఎంతో పోరాడి కనుక్కున్న సత్యం, బిడ్డని ఒక్కరే పెంచలేరు, పదిమంది చేతులు కావాలి అని. మనకి అది కొత్తగా కనుక్కోవాల్సిన సత్యం కాదు, ఆచారం. పురిటింట్లో బిడ్డకి తల్లే నీళ్ళు పోయాలని ఎవరన్నారు? ఓ పెద్దావిడ వచ్చి పీట మీద కూర్చుని, కాళ్ళు చాపుకుని, బిడ్డని కాళ్ళ మీద పడుకోబెట్టి, నలుగు పెట్టి నీళ్ళు పోసి, సాంబ్రాణి పొగ వేసి తల్లి చేతికిస్తుంది. తల్లి పక్కలో పడుకుని చూస్తూ ఉంటుంది. ఏ తల్లినీ చేతకానిదానా అనరు.

మా వీధిలో ఆ ఏడు ఇద్దరం కన్నాం. ఇద్దరి పిల్లలకీ నీళ్ళు పోసింది ఒకే మామ్మ. పక్కింట్లో పోస్తే ఆచారం, మా ఇంట్లో పోస్తే ‘పాపం, ఆ పిల్లకి చేతకాదుగా’. నీళ్ళు అవే, చేతులు అవే, పేరు మారింది. సమాజం సాయం చెయ్యదని ఫిర్యాదు చేసే రచన నాకు సగమే నిజం అనిపించేది ఇందుకే. సాయం ఉంది. ఆ సాయాన్ని ఎవరి ఖాతాలో రాస్తున్నామన్న దగ్గరే చిక్కంతా. సాయం చేసిన చెయ్యి కాసేపటికి పెత్తనం చేస్తుంది. పిల్లకి ఏ బడి, ఏ గౌను, జ్వరం వస్తే ఏ డాక్టరు అన్నవి ఎత్తుకున్నవాళ్ళే తేలుస్తారు. ఎత్తుకోవడమే తల్లితనం అయినప్పుడు ఎత్తుకోలేనిదానికి ఏం మిగులుతుంది? మన దగ్గరే యశోద ఉంది, దేవకి ఉంది. తల్లితనం ఇద్దరి మధ్య పంచినా ఎవరిదీ తగ్గలేదని పాడుకున్న భాష మనది. ఆ ఔదార్యం పాట దాటి వీధిలోకి రాలేదు.

పెత్తనం లేని సాయం నాకు ఎక్కడ దొరికిందో చెప్తాను. నాలాంటివాళ్ళ దగ్గరే. 2000ల మొదట్లో వెలుగు పథకం కింద పల్లెల్లో వికలాంగులకి విడిగా పొదుపు సంఘాలు కట్టారు. అప్పు, కిస్తీ, పుస్తకం అన్నీ మామూలే. కానీ నెలకోసారి పదిమంది కాలిపర్లు, కర్రలు, మూడు చక్రాల బళ్ళు ఒక చెట్టుకింద చేరితే డబ్బు లెక్క తర్వాత వేరే లెక్కలు మొదలవుతాయి. ‘ఉయ్యాల చీర ముడి కిందికి దించి కట్టు, కూర్చునే ఊపొచ్చు’ అని నాకు చెప్పింది అలా పరిచయమైన ఒక అక్కే. ‘పాత నేత చీర మీద పిల్లని పడుకోబెట్టి కొంగు పట్టుకుని లాగు, నువ్వు నేల మీద జరుగుతూనే వంటింటికీ వసారాకీ తిప్పొచ్చు’ అని చెప్పింది కూడా ఆవిడే. అమెరికాలోని బర్కిలీలో ‘త్రూ ద లుకింగ్ గ్లాస్’ అనే సంస్థ 1982 నుంచీ ఇదే పని చేస్తోంది, వికలాంగ తల్లిదండ్రులకి వీలయ్యే ఉయ్యాలలూ బల్లలూ ఎలా ఉండాలో పరిశోధించి తయారుచేస్తుంది. మా అక్కకి ఆ సంస్థ పేరు తెలీదు. రెండు చోట్లా పుట్టిన జ్ఞానం ఒకటే. అక్కడ దాన్ని రాసిపెట్టారు, ఇక్కడ చెట్టుకిందే ఉండిపోయింది.

రాసిపెట్టడం అంటే చట్టం కూడా గుర్తొస్తుంది. విమర్శకులు చట్టాల్నీ రచనల్లా చదవాలి, ఏ మాట ఉంది, ఏ మాట జారిపోయింది అని. వికలాంగుల హక్కుల మీద ఐక్యరాజ్యసమితి ఒప్పందాన్ని మన దేశం 2007లో ఆమోదించింది. అందులో 23వ అధికరణం, బిడ్డకి వైకల్యం ఉందనిగానీ తల్లిదండ్రులకి ఉందనిగానీ వాళ్ళని విడదీయకూడదంటుంది. ఆ ఒప్పందం ఆధారంగా మనం చేసుకున్న 2016 చట్టం తొమ్మిదో సెక్షన్‌లో వైకల్యం ఉన్న బిడ్డ మాత్రమే ఉంది. వైకల్యం ఉన్న అమ్మానాన్నలు ఆ వాక్యంలోంచి జారిపోయారు, ‘ఊపిరి’లో కూతురు జారిపోయినట్టే. 24వ సెక్షన్‌లో మాత్రం ఒక చిన్న ముక్క ఉంది. వికలాంగ మహిళలకి జీవనోపాధికీ, పిల్లల పెంపకానికీ ఆసరా ఇవ్వాలని. అక్కడా తండ్రి లేడు. ఆ ముక్క ఆధారంగా ఏమైనా అడగొచ్చని తెలిసిన తల్లి మా సంఘంలో ఒక్కరూ లేరు. సదరం సర్టిఫికెట్టులో నా కాలు ఎంత శాతం పనిచెయ్యదో ఉంటుంది. 2024 జూలై నుంచి పింఛను 6,000 అయింది, అది నిజంగా పెద్ద ఊరట. కానీ ఆ కాగితాలన్నిటిలో నేను ఒంటరి శరీరాన్ని. నన్ను అమ్మా అని పిలిచే మనిషి ఏ గడిలోనూ లేదు.

ఇంత చెప్పాక, మా ప్రాంతంలోనే ఒక ఎదురు ఉదాహరణ ఉంది. తెనాలి శారద. అసలు పేరు నటరాజన్. తమిళం మాతృభాష, హోటల్లో పని, మూర్ఛ రోగం, భార్యాపిల్లలు, ఆకలి. వీటన్నిటి మధ్యా తెలుగు నేర్చుకుని కథలూ నవలలూ రాసి 1955లో, ముప్ఫై దాటీ దాటకుండానే పోయాడు. ఆయన్ని మనం ప్రతిభ గల అభాగ్యుడిగా చదువుకుంటాం. ఆయన స్నేహితుడు ఆలూరి భుజంగరావు రాసిన ‘సాహిత్య బాటసారి శారద’ని నేను వేరేగా చదువుకుంటాను. శరీరం ఎప్పుడు పడేస్తుందో తెలియని ఒక తండ్రి జీవితాన్ని, ఆ జీవితం పక్కనే నడిచిన స్నేహితుడు జాలి లేకుండా, దేవుణ్ణి చెయ్యకుండా, తోటివాడిగా రాసిన పుస్తకం అది. రెండో భుజం అంటే అదీ. మొయ్యడం ఒక్కటే కాదు, పక్కనుండి చూసిందాన్ని సరిగ్గా చెప్పడం కూడా. సంజయుడి పనే, కాకపోతే యుద్ధం దాకా ఆగకుండా.

ఇదంతా ఇప్పుడే ఎందుకంటే, మాది కాలం చెల్లుతున్న తరం. దేశంలో చివరి పోలియో కేసు 2011 జనవరిలో నమోదైంది, 2014 మార్చిలో పోలియో పోయిందని ధ్రువీకరించారు. మంచిదే, మా పిల్లలెవరికీ కాలిపర్లు ఉండవు. చెట్టుకింద చేరే మా గుంపు మాత్రం ఏటా పలచబడుతోంది. కానీ అవసరం పలచబడదు. షుగరుకి కాలు తీసేసిన తండ్రులు, బైకు ప్రమాదంలో నడుము విరిగిన తల్లులు ప్రతి ఊళ్ళోనూ ఉన్నారు. వాళ్ళకి మేము నేర్చుకున్నది అందాలంటే సంఘం ఒక్కటే చాలదు, సాహిత్యం కావాలి.

ఎలాంటి కథ కావాలో ఒక ఉదాహరణ చెప్పి ఊరుకుంటాను. రెండేళ్ళ కిందట మా అమ్మాయి చదివే బళ్ళో తల్లిదండ్రుల మీటింగు పై అంతస్తులో పెట్టారు. మెట్లకి పట్టుకునే కమ్మీ లేదు. నేను కింద వరండాలో కూర్చున్నా. అమ్మాయి స్నేహితురాలి తల్లి పైకి వెళ్తూ నన్ను చూసి ఆగింది. ఎత్తుకుని తీసుకెళ్తాననలేదు, ‘నేను విని వచ్చి చెప్తాలెండి’ అని కూడా అనలేదు. పైకెళ్ళి టీచరుగారితో, ‘కిందైతే గాలి బాగుందండీ, అక్కడే పెట్టుకుందాం’ అంది. పదినిమిషాల్లో మీటింగు వరండాలోకి దిగింది. మా అమ్మాయి లెక్కల్లో వెనకబడిందని అందరి ముందూ చెప్పారు, అందరమ్మల్లాగే నేనూ మొహం ముడుచుకున్నాను.

ఈ కథలో త్యాగం లేదు, కన్నీళ్ళు లేవు, ఎవరి గొప్పతనమూ లేదు. నా పేరు కూడా ఎత్తకుండా ఒక మనిషి నాకు చోటు చేసింది. ఇలాంటిది రాయడానికి జాలి తెలిసిన రచయిత చాలడు, వరండా ఎందుకు ముఖ్యమో తెలిసిన రచయిత కావాలి. ఆ రచయిత మాలోంచే రావచ్చు, మా పిల్లల్లోంచి రావచ్చు, ఇది చదువుతున్న మీలోంచీ రావచ్చు. ఎవరు రాసినా ఆ తల్లిని బుట్టలో కూర్చోబెట్టకండి. పని చేస్తున్నప్పుడు చూడండి.